పడకను బట్టే సంచి

వీపు సంచి కొనడానికి వెళ్తే దుకాణంలో మొదట వినిపించేది లీటర్ల లెక్క. 30 కావాలా, 45 కావాలా, 65 కావాలా అని అడుగుతారు. రెండు చెట్లకు హ్యామక్ కట్టుకుని అడవిలో రాత్రి గడిపేవాళ్లకైతే ఇంకో మాట కూడా చెబుతారు: మీకు డేరా లేదు, డేరా కర్రలు లేవు, కింద పరుచుకునే మ్యాట్ లేదు, పిడికిట్లో పట్టే నైలాన్ గుడ్డే మీ పడక, కాబట్టి చిన్న సంచి చాలు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఈ సలహా నిజమయ్యే చోటు ఒకటి, దాన్ని పాటిస్తున్న చోటు మరొకటి. ఊయలలో పడుకోవడం, వీపున బరువు మోయడం అనే ఈ రెండు అలవాట్లు వేరువేరు నేలల్లో, వేరువేరు వాతావరణాల్లో పెరిగాయి. వాటిని సరిగ్గా ఒకచోట చేర్చింది ఇరవయ్యో శతాబ్దమే. రెండింటి చరిత్రనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలేది ఇది: సంచి ఎంత ఉండాలో నిర్ణయించింది సంచి కుట్టేవాళ్లు కాదు. మనిషి రాత్రి దేనిమీద పడుకుంటాడు, ఆ పడక వెచ్చదనం ఎక్కణ్ణించి వస్తుంది అన్నదే నిర్ణయించింది. హ్యామక్ విషయంలో ఆ లెక్కను శాసించేది గుడ్డ కాదు, వీపు కింది వెచ్చదనం.

హ్యామక్ కరీబియన్ దీవుల తైనో ప్రజలది, దక్షిణ అమెరికా అడవుల్లోని ఎన్నో తెగలది. 1492 అక్టోబరులో బహామా దీవుల్లో దిగిన కొలంబస్ అక్కడి ఇళ్లలో పత్తి వలల్లాంటి పడకలు చూసి తన దినచర్యలో రాసుకున్నాడు. 1535లో అచ్చయిన తన ఇండీస్ చరిత్రలో స్పెయిన్ చరిత్రకారుడు గొంజాలో ఫెర్నాండెజ్ డి ఒవియెడో ఆ పడకను వివరంగా వర్ణించి బొమ్మతో సహా ఇచ్చాడు. తడి ఆరని నేల, చీమలు, పాములు, రాత్రి ఉన్నట్టుండి ముంచెత్తే వాన, వీటన్నిటికీ పైన వేలాడే పడక ఆ నేలకు తగిన పడక. పత్తి నూలుతోనో తాటిజాతి చెట్ల నారతోనో అల్లిన వలను చుట్టి భుజాన వేసుకుంటే చాలు, దానికి వేరే సంచి అక్కర్లేదు. అయితే ఆ తేలికతనం వెనక ఇంకొకటి ఉంది. ఉష్ణమండలపు అడవిలో కూడా తెల్లవారుజామున ఒళ్లు జివ్వుమంటుంది. వేలాడే మనిషికి కింది నుంచీ గాలి తగులుతుంది కాబట్టి చలి ఇంకా త్వరగా తెలుస్తుంది. అమెజాన్ తెగల ఇళ్లలో ఊయలల పక్కనే చిన్న నెగళ్లు రాత్రంతా రాజుకుంటూ ఉండేవి. దోమలకూ అదే మందు, చలికీ అదే మందు. పడక భుజాన వచ్చింది, వెచ్చదనం మాత్రం దిగిన చోట పుల్లలేరి పుట్టించుకున్నదే. హ్యామక్ తేలిక అనే పేరు పుట్టింది ఈ ఏర్పాటులోంచి.

నెగడు వేసుకునే వీలు లేని చోటికి అదే పడక వెళ్తే ఏమైందో యూరప్ ఓడలు చూపిస్తాయి. పదహారో శతాబ్దం చివరికి ఇంగ్లండు నౌకాదళం గుడ్డ ఊయలలను నావికుల పడకగా తీసుకుంది. ఓడ ఎటు ఒరిగినా పడక నిటారుగా వేలాడుతుంది, పొద్దున్నే విప్పేస్తే ఫిరంగుల మధ్య చోటు ఖాళీ అవుతుంది. ఒక్కో నావికుడికి అధికారికంగా ఇచ్చిన వెడల్పు 14 అంగుళాలు. సగం మంది కాపలాలో ఉంటారు కాబట్టి సముద్రం మీద అది 28 అంగుళాలయ్యేది. అయితే ఆ కాన్వాసు గుడ్డలో నావికుడు ఒట్టిగా పడుకోలేదు. లోపల పలచని పరుపు, దుప్పటి ఉండేవి. పొద్దున ఈల మోగగానే పరుపునూ దుప్పటినీ లోపలే ఉంచి, గుడ్డను బిగించి, తాడుతో ఏడు చుట్లు చుట్టి పైకి తెచ్చేవారు. చుట్ట లావుగా ఉంటే ఒప్పుకునేవారు కాదు. ఒక కొలత వలయాన్ని చూపించి, దానిలోంచి దూరితేనే సరి అనే పద్ధతి చాలా ఓడల్లో నడిచింది. ఆ చుట్టలన్నిటినీ పై డెక్కు అంచుల వెంట వలల్లో వరసగా పేర్చేవారు. యుద్ధంలో తుపాకీ గుళ్లకూ ఎగిరిపడే కర్రపేళ్లకూ అవే అడ్డుగోడ. హ్యామక్ చరిత్రలో చుట్టగా ఇంతే ఉండాలి అని కొలత పెట్టింది మొదట ఈ ఓడలమీదేనని అనుకుంటాను. ఆ కొలతలో ఎక్కువ భాగం ఊయల గుడ్డది కాదు, పరుపుది. తైనో పడక అట్లాంటిక్ దాటేసరికే రెట్టింపు లావెక్కింది.

ఇక వీపు బరువు కథ మంచు నేలలది. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి దాదాపు క్రీ.పూ. 3300 నాటివాడు. అతని పక్కన హేజెల్ కొమ్మను యూ ఆకారంలో వంచి, అడ్డంగా లార్చ్ చెక్కలు బిగించిన చట్రంలాంటిది దొరికింది. దాన్ని వీపు చట్రమనే ఎక్కువమంది పండితులు భావిస్తారు. చట్రానికి లీటర్లుండవు, కట్టగలిగినంత కడతారు. అయిదు వేల ఏళ్ల తర్వాత కూడా ఉత్తర దేశాల్లో ఎక్కువ బరువు మోసేవాళ్లది ఇదే పద్ధతి. చట్రం వీపుకు, సరుకు చట్రానికి, అన్నిటికన్నా పెద్ద మూట పడకది. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో దీనికి ఎదురునిలిచినవాడు జార్జ్ వాషింగ్టన్ సియర్స్. నెస్‌మక్ అనే కలం పేరుతో రాసేవాడు. పొట్టివాడు, బక్కవాడు, రోగిష్టి. మోయలేకా, మోయక్కర్లేదని నమ్మీ బరువు తగ్గించాడు. 1883లో పదిన్నర పౌండ్ల పడవలో న్యూయార్క్ రాష్ట్రపు ఎడిరాన్‌డాక్ సరస్సుల్లో తిరిగాడు. 1884లో వచ్చిన 'వుడ్‌క్రాఫ్ట్' పుస్తకంలో, పడవా దుప్పటి సంచీ రెండు రోజుల తిండీ కలిపి తన సామాను 26 పౌండ్లు, అంటే దాదాపు 12 కిలోలు, దాటదని రాశాడు. అతని కిటుకు సంచిలో లేదు. రాత్రికి హెమ్లాక్ కొమ్మలు నరికి పరుచుకునేవాడు, ఎదురుగా పెద్ద మంట వేసుకునేవాడు. పడకనూ వేడినీ అడవే ఇచ్చింది. అమెజాన్ నెగడుకూ ఎడిరాన్‌డాక్ మంటకూ వేల మైళ్ల దూరం, పని మాత్రం ఒకటే. ఈ రోజు చాలా అడవుల్లో కొమ్మలు నరికితే నేరం, మంట వేసినా నేరమే. అది సరైన నిబంధన కూడా. నెస్‌మక్ సంచి కొలతను అరువు తెచ్చుకునేవాడు అతని గొడ్డలిని తెచ్చుకోలేడని గుర్తుంచుకోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. సంచి చరిత్రను మార్చింది పడక కాదు, చట్రమూ నడుం పట్టీ కదా అంటారు. 1952లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో డిక్ కెల్టీ, భార్య నీనా తమ ఇంట్లోనే అల్యూమినియం చట్రాల సంచులు తయారు చేయడం మొదలుపెట్టారు. ఆయన గొట్టాలు వంచితే ఆమె గుడ్డ కుట్టేది. బరువును భుజాల నుంచి నడుముకు దించే పట్టీని జనంలోకి తెచ్చింది ప్రధానంగా వాళ్లే. 1963లో ఎవరెస్టు ఎక్కిన అమెరికన్ బృందం వీపున ఉన్నవీ కెల్టీ సంచులే. ఈ మార్పు ఎంత పెద్దదో నేను తక్కువ చేయడం లేదు. అయితే చట్రం మార్చింది మనిషి ఎంత మోయగలడన్నదాన్ని. ఎంత మోయాలన్నదాన్ని కాదు. ఆ సంచులను ఒకసారి దగ్గరగా చూడండి. గుడ్డ సంచి చట్రం పైభాగంలోనే ఆగిపోతుంది. కింద ఒక జానెడు గొట్టం ఖాళీగా ఉంటుంది. స్లీపింగ్ బ్యాగును చుట్టి అక్కడ కట్టేవారు. అంటే సంచికి చెప్పే కొలతలో పడక లేనే లేదు. 1967లో గ్రెగ్ లో అనే ఆయన చట్రాన్ని సంచి లోపలికి తీసుకుపోయాడు. కొండెక్కేవాళ్లకు వీపుకు అంటుకుని ఉండే సంచి కావాలి, కింద వేలాడే మూట పనికిరాదు. దాంతో పడక కూడా సంచిలోకే వచ్చింది, సంచి కొలత ఒక్కసారిగా పెరిగింది. పెరిగింది సామాను కాదు, బయట ఉన్న పడక లోపలికి చేరింది. ఇప్పుడు మనం చూసే 65, 75 లీటర్ల అంకెలు ఆ ఏర్పాటు వారసత్వం. పాత పుస్తకాల్లోని చిన్న అంకెను చూసి ఆనాటివాళ్లు కొంచెంతో సరిపెట్టుకున్నారనుకోవడం పొరపాటు.

ఊయలా వీపు సంచీ నిజంగా కలుసుకున్నది యుద్ధంలో. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికుల కోసం వాళ్ల సైన్యం 1942 నమూనా అడవి హ్యామక్ తయారు చేయించింది. పైన రబ్బరు పూసిన కప్పు, చుట్టూ దోమతెర, లోపలికి దూరడానికి జిప్పు, కింద దోమ కుట్టకుండా రెండు పొరల గుడ్డ. ఇల్లంతా అందులోనే ఉంది, అందుకే అది బరువు, లావు. శత్రువు మీద పడినప్పుడు తెరలోంచి బయటపడలేక చిక్కుకోవడం దాని పెద్ద ప్రమాదం. వియత్నాం యుద్ధంలో ఉత్తరాది సైనికుల దారి వేరు. త్రువాంగ్ సన్ కొండల వెంట నెలల తరబడి దక్షిణానికి నడిచినవాళ్ల వీపున ఉన్నది కప్ప సంచి అని వాళ్లు పిలుచుకున్న చిన్న గుడ్డ సంచి. బయట మూడు జేబులు ఉబ్బి కప్పలా కనిపిస్తుంది. అందులో నైలాన్ ఊయల, ఒక ప్లాస్టిక్ పట్టా, ఒక జత బట్టలు. బియ్యం సంచిలో పెట్టేవారు కాదు; పొడవాటి గుడ్డ గొట్టంలో పోసి జంధ్యంలా ఒంటికి చుట్టుకునేవారు. చిన్న సంచి, ఊయల పడక అనే జోడీకి చరిత్రలో ఇంతకన్నా గట్టి రుజువు దొరకదు. లక్షల మంది, ఏళ్ల తరబడి. దాన్ని నేను కాదనను. కానీ అది ఎక్కడ నిలిచిందో చూడాలి: హ్యామక్ పుట్టిన నేల లాంటి నేలమీదే, వేడి, తేమ ఉన్న అడవిలోనే. మలేరియాతో వణికినవాళ్లకు ఆ పలచటి పడక ఎంత సుఖమిచ్చి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

చిన్న సంచిని సమర్థించేవాళ్లు తప్పక చెప్పే ఇంకో పేరు ఎమ్మా గేట్‌వుడ్. 1955లో, 67 ఏళ్ల వయసులో, అమెరికాలోని అపలాచియన్ కాలిబాటను ఈ చివరి నుంచి ఆ చివరికి ఒంటరిగా నడిచిన మొదటి స్త్రీ ఆమె. అప్పటికి ఆ బాట రెండు వేల మైళ్లకు పైనే. డెనిమ్ గుడ్డతో తనే కుట్టుకున్న మూట ఒక భుజాన, అందులో ఒక సైనిక దుప్పటి, వాన కోటు, స్నానాల గది ప్లాస్టిక్ తెర. అంతే. ఆ ధైర్యానికి దణ్ణం పెట్టాలి. కానీ ఆమె రాత్రులు ఎక్కడ గడిచాయి? దారిలోని చెక్క గుడిసెల్లో, అపరిచితుల ఇళ్లలో, వాళ్ల వరండాల్లో, ఆకుల కుప్పలమీద. పడక ఆమె మూటలో లేదు, దారిపొడవునా పరుచుకుని ఉంది. ముందు ఏడాది మెయిన్ రాష్ట్రపు అడవిలో దారి తప్పి, కళ్లద్దాలు పగిలి, రేంజర్ల సాయంతో వెనక్కి రావలసి వచ్చింది. ఇళ్లూ గుడిసెలూ దూరమైన చోట అదే మూట ఎంత పలచనో తెలిసింది. 1990లలో రే జార్డిన్ ఈ తేలిక పద్ధతిని ఒక శాస్త్రంగా పేర్చాడు. స్లీపింగ్ బ్యాగు బదులు దుప్పటిలాంటి క్విల్టు, డేరా బదులు పైన కట్టే టార్పు, చట్రం లేని సంచి. ఇందులో ఒకటి నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. సంచితోపాటు పడకనూ తగ్గించాడు. ఒళ్లు ఒత్తిన భాగంలో లోపలి నింపుడు అణిగిపోతుంది, అణిగిన నింపుడు వేడి నిలపదు, మరి ఆ కింది భాగాన్ని మోయడమెందుకు అన్న ప్రశ్నే ఆయన క్విల్టుకు పునాది.

నేలమీద పడుకునేవాడికి ఆ ప్రశ్న బరువు తగ్గించింది. హ్యామక్‌లో పడుకునేవాడికి అదే ప్రశ్న తిరగబడింది. 1990ల చివర కెనడాలో టామ్ హెన్నెసీ దోమతెర, టార్పు జోడించిన హ్యామక్‌ను, కొంచెం ఏటవాలుగా పడుకుంటే వీపు చదునుగా ఉండేలా కోణం మార్చి, నడిచేవాళ్ల మార్కెట్లోకి తెచ్చాడు. చల్లటి కొండల్లోకి అది వెళ్లగానే ఓడ నావికులకు ఎదురైన ఇబ్బందే మళ్లీ ఎదురైంది. వీపు కింద గుడ్డ ఒక్కటే, దాని కింద గాలి. స్లీపింగ్ బ్యాగు తొడుక్కున్నా కింద ఈకలు నలిగిపోయి ఉంటాయి. దీనికి దొరికిన జవాబే అండర్‌క్విల్ట్, అంటే ఊయల బయట, ఒంటి బరువు పడకుండా వేలాడదీసే ఈకల పొర. మన పొలాల్లో కూలికి వెళ్లిన తల్లి వేపకొమ్మకు చీర ఉయ్యాల కడితే బిడ్డ కింద బొంత ముక్క పరుస్తుంది. వేలాడే పడకకు కింద ఏదో ఒకటి కావాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అండర్‌క్విల్ట్ ఆ బొంతను గుడ్డ లోపలి నుంచి బయటికి మార్చింది. అయితే దానికి చోటు కావాలి. ఈకల నాణ్యతను ఒక ఔన్సు ఎన్ని ఘనపు అంగుళాలు ఆక్రమిస్తుందన్న అంకెతో చెబుతారు. 800 అంకె ఉన్న ఈకలు 300 గ్రాములు స్వేచ్ఛగా విచ్చుకుంటే దాదాపు 140 లీటర్లు. దాన్ని ఏడు లీటర్లకు కుక్కి తీసుకువెళ్తాం. గుడ్డ ఊయల దాని పట్టీలతో సహా రెండు లీటర్లు దాటదు. లావు ఎక్కడుందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ఈ చరిత్రను చేతిలో పెట్టుకుని లెక్క వేస్తే సంచి కొలత దానంతటదే వస్తుంది. కింద చెప్పేవి ఉజ్జాయింపు అంకెలు, సామాను నాణ్యతను బట్టి అటూ ఇటూ అవుతాయి. రాత్రి దాదాపు 20 డిగ్రీల దగ్గరే ఆగే చోట ఊయల రెండు లీటర్లు, టార్పు రెండు, దోమతెర ఒకటి, పలచని దుప్పటి రెండు: పడకంతా ఏడు లీటర్లు. బట్టలకు మూడు, గిన్నె, పొయ్యికి రెండు, దీపం, మందులు వగైరాకు మూడు. తిండికి ఒక మంచి కొలమానం అమెరికాలోని సియెరా నెవాడా కొండల్లో దొరుకుతుంది. ఎలుగుబంట్ల భయానికి అక్కడ చాలాచోట్ల తిండిని గట్టి డబ్బాలో పెట్టి తీరాలి, 11.5 లీటర్ల డబ్బా ఒక మనిషి వారం తిండికని లెక్క. అంటే రోజుకు లీటరున్నరకు కాస్త పైన. రెండు రోజులకు మూడున్నర వేసుకుంటే మొత్తం 18.5 లీటర్లు. 25, 30 లీటర్ల సంచి హాయిగా చాలు. ఇప్పుడు రాత్రి సున్నాకు దగ్గరపడే చోటికి, అయిదు రోజులకు వెళ్లండి. దోమతెర మానేయొచ్చు. కింద అండర్‌క్విల్ట్ ఏడు, పైన క్విల్టు ఎనిమిది, ఊయల, టార్పు కలిపి నాలుగు: పడకే 19. బట్టలు ఏడు, తిండి ఎనిమిదిన్నర, మిగిలినవి అయిదు. మొత్తం దాదాపు నలభై లీటర్లకు చేరుతుంది. 45, 50 సంచి కావాలి. ఈ రెండు చోట్లూ వేరు దేశాల్లో ఉండనక్కర్లేదు. డిసెంబరులో విశాఖ తీరంలో ఒక రాత్రి, అదే నెలలో లంబసింగి కొండల్లో ఒక రాత్రి చాలు. రెండింటి మధ్య దూరం బస్సులో కొన్ని గంటలే, పడక లావులో తేడా రెండు రెట్ల పైమాటే. సంచి లీటర్లు చెప్పే దుకాణదారు ఏ ఊరికి, ఏ నెలలో అని అడగకపోతే ఆయన సలహాకు ఆధారం లేదు.

పెద్ద సంచే కొనుక్కుని పట్టీలు బిగించుకుంటే పోదా అని ఇంకొందరంటారు. కొంత నిజమే, ఒకే సంచి కొనగలిగినవాళ్లు చలికాలపు లెక్కకే కొనడం మంచిది. కానీ ఖాళీ చోటు ఖాళీగా ఉండదు. అమెరికన్ సైనిక చరిత్రకారుడు ఎస్.ఎల్.ఎ. మార్షల్ 1950లో సైనికుడి బరువు మీద రాసిన పుస్తకంలో ప్రధాన ఫిర్యాదు ఇదే: జరగవచ్చని భయపడే ప్రతిదానికీ ఒక వస్తువు చేర్చుకుంటూ పోతే మనిషి కదలలేడని. పైగా పెద్ద సంచి సొంత బరువు రెండు కిలోల దాకా ఉంటుంది, చట్రం లేని చిన్నది కిలోలోపే. రెండో దారి నావికులది: అండర్‌క్విల్ట్ మానేసి ఊయల లోపల ఫోమ్ మ్యాట్ వేసుకోవడం. ఇది చవక, నమ్మకమైనది, తడిసినా పని చేస్తుంది. దాన్ని చుట్టి సంచి బయట కట్టుకోవచ్చు కాబట్టి ఏడు లీటర్లు మిగులుతాయి. ఇబ్బంది ఏమిటంటే నిద్రలో అది పక్కకు జరుగుతుంది, ఊయల ఒంపు భుజాల దగ్గర దాన్ని దాటిపోతుంది, అక్కడ చలి కొడుతుంది. డబ్బు చూసుకునేవాళ్లు ఆ అసౌకర్యాన్ని భరించి మొదటి ఒకటి రెండు ఏళ్లు దాంతో గడపడం తెలివైన పనే. లీటర్లు మిగిలాయన్నది మాత్రం కాగితం మీది మాట, కెల్టీ చట్రం కింద వేలాడిన మూటలాగే ఆ మ్యాట్ కూడా మోసేదే.

కొనేముందు చేయాల్సింది ఒకటుంది. వెళ్లబోయే చోట అతి చల్లని రాత్రికి తగిన పడకంతా ముందు సమకూర్చుకుని, మిగతా సామానుతో కలిపి ఒక అట్టపెట్టెలో సర్ది, పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి వెయ్యితో భాగించాలి. వచ్చేది లీటర్లు. క్విల్టులను బిగుతు సంచుల్లో రాయిలా కుక్కి కొలవకూడదు. ఎక్కువ కాలం అలా నలిగితే ఈకలు సరిగా విచ్చుకోవు, గట్టి ముద్దల మధ్య ఖాళీలు కూడా వృథా. తడవని పెద్ద కవరు ఒకటి లోపల వేసి, అడుగున వాటిని వదులుగా కూరితే మూలమూలకూ సర్దుకుంటాయి. టార్పు మాత్రం ఆ కవరు బయట, సంచి పక్క జేబులోనో పైమూత కిందో ఉండాలి. వానలో దిగినప్పుడు మొదట తీసేది అదే, పొద్దున తడిగా మడిచేదీ అదే.